సంతకానికి పిలిచిన పుట్టిల్లు

కోనసీమలో నేల ఎత్తుపల్లాలు ఊళ్ళ పేర్లలోనే తెలిసిపోతాయి. కామనగరువు, చిందాడగరువు అంటే వరిచేల కంటే కాస్త మెరకగా ఉండే గరువు నేల. బండారులంక, గుడిమెళ్ళంక అంటే ఏటి మధ్య తేలిన లంక. బలుసుతిప్ప అంటే ఇసుక తిప్ప. పల్లంకుర్రు సంగతి సరేసరి. ఈ పేర్లు పెట్టినవాళ్ళు పట్టణ ప్రణాళిక చదువుకోలేదు. కానీ ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో, వరి ఎక్కడ ఊడ్చాలో, వాన నీళ్ళు ఎటు పోవాలో వాళ్ళకి తెలుసు. సముద్రమట్టానికి మూడు మీటర్ల ఎత్తున కూడా సరిగా లేని అమలాపురం లాంటి చోట ఆ తెలివిడి లేకపోతే బతకడమే కష్టం.

నాలుగు దశాబ్దాలుగా ఆ అమలాపురం చుట్టూ చేలూ తోటలూ ఇళ్ళస్థలాలైపోతున్నాయి. ఈ మార్పు గురించి పత్రికల్లో వచ్చేదంతా ధరల గురించే. సెంటు ఎంత, గజం ఎంత, జిల్లా కేంద్రం అయ్యాక ఎంత పెరిగింది అన్న లెక్కలే. నేను వేరే లెక్క అడగదలుచుకున్నాను. ఈ పట్నం ఎవరి నేల మీద పెరిగింది? రిజిస్ట్రారు ఆఫీసులో దీనికొక జవాబు దొరుకుతుంది. ఇళ్ళల్లో ఇంకో జవాబు దొరుకుతుంది. ఆ రెండో జవాబు వెతుక్కుంటూ పోతే అడుగడుక్కీ ఆడవాళ్ళే ఎదురౌతారు, అమ్మకం కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళుగా. ఎక్కడ ఏం కట్టాలో నిర్ణయించినవాళ్ళుగా మాత్రం దాదాపు ఎక్కడా కనిపించరు.

ముందు నీళ్ళ గురించి చెప్పుకోవాలి. కోనసీమలో భూమి చరిత్ర అంటే నీటి చరిత్రే. గౌతమి, వశిష్ఠ, వాటి మధ్య వైనతేయ, కింద సముద్రం. 1847లో కాటన్ మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువ నీళ్ళని అక్విడెక్టు కట్టి అవతలి లంకకి దాటించారు. దాని స్థానంలో ఈ మధ్య కాలంలో కట్టిన కొత్త అక్విడెక్టుకి, లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. కోనసీమలో ఒక స్త్రీ పేరు మోస్తున్న పెద్ద కట్టడం ఇదొక్కటే నాకు తోస్తుంది. కాటన్ పేరు అందరికీ తెలుసుగానీ, డెల్టాని నిలబెట్టినవి రెండు రకాల కాలువలన్న సంగతి చాలామంది మర్చిపోతారు. ఒకటి నీళ్ళు తెచ్చే కాలువ, రెండోది నీళ్ళు తీసుకుపోయే మురుగు కాలువ. ప్రతి చేనుకీ ఒక బోదె నీళ్ళిస్తే, ఇంకో బోదె ఎక్కువైన నీళ్ళని కౌశిక లాంటి డ్రెయిన్లలోకి చేరుస్తుంది. మొదటిది ఆగితే పంట ఎండుతుంది. రెండోది ఆగితే పంటా మునుగుతుంది, ఊరూ మునుగుతుంది.

ఈ కాలువల కింద ఖరీదెక్కిన భూమిలో ఆడపిల్లకి దక్కినదేమిటి? పసుపుకుంకుమల కింద ఇచ్చిన చెక్క. గోదావరి జిల్లాల్లో భూమి ఉన్న కులాల్లో పెళ్ళప్పుడు కూతురికి అర ఎకరమో ఎకరమో రాసిచ్చే ఆచారం ఉంది. కాగితం లేకుండా నోటిమాటతో ఇచ్చినవీ బోలెడు. పేరు ఆమెది, సాగు పుట్టింటిదో మెట్టినింటిదో. ఏటా నాలుగు బస్తాల బియ్యం, రెండు మూటల కొబ్బరికాయలు పంపితే అదే ఆమె భూమి ఉందనడానికి రుజువు. ఆ చేను గట్టు మీద ఒక్కసారీ నడవని యజమానురాళ్ళు మా ఊళ్ళో ఎంతమందో. దళిత కుటుంబాల్లో ఈ మాత్రం కూడా లేదు. పెద్ద రైతుల చేలల్లో ఊడ్పులూ కలుపులూ కోతలూ చేసిన ఆడవాళ్ళకి ఆ గట్ల మీద ప్రతి అడుగూ తెలుసు. పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. నేల తెలిసినవాళ్ళకి పేరు లేదు, పేరు ఉన్నవాళ్ళకి నేల తెలియదు. కోనసీమ స్త్రీల భూమి చరిత్ర ఈ రెండింటి మధ్య నడిచింది.

చట్టం మెల్లిగా కదిలింది. 1937 చట్టం హిందూ వితంతువుకి భర్త ఆస్తిలో బతికున్నంత కాలం అనుభవించే హక్కు మాత్రం ఇచ్చింది. 1956 వారసత్వ చట్టం దాన్ని సంపూర్ణ హక్కు చేసింది. కానీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా కొడుకులకే ఉంచింది. అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉండేది. కుటుంబం కాపురముంటున్న ఇంట్లో, మగ వారసులు పంచుకుందామనుకునేదాకా ఆడ వారసులు పంపకం అడగడానికి వీల్లేదు. పెళ్ళికాని కూతురు, భర్త వదిలేసిన కూతురు, భర్తకి దూరమైన కూతురు, విధవరాలైన కూతురు ఆ ఇంట్లో తలదాచుకోవచ్చు, అంతే. కాపురం చక్కగా ఉన్న కూతురికి పుట్టింట్లో గది లేదని చట్టమే చెప్పింది. ఆ సెక్షన్ పోవడానికి 2005 దాకా ఆగాల్సొచ్చింది.

ఆంధ్రప్రదేశ్ దీనికి ఇరవై ఏళ్ళ ముందే ఒక అడుగు వేసింది. రాష్ట్ర సవరణ చట్టం 1986లో వచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకొచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అలా కూతుర్ని దాయాదిని చేసిన మొదటి రాష్ట్రం మనదే. అయితే ఒక మెలిక పెట్టారు. ఆ తేదీకి ముందే పెళ్ళైపోయినవాళ్ళకి ఈ హక్కు వర్తించదు.

ఆ మెలిక మా ఇంట్లోనే చూశాను. మా పెద్దత్తయ్య పెళ్ళి 1979లో, చిన్నత్తయ్య పెళ్ళి 1988లో అయ్యాయి. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు చట్టం కళ్ళకి రెండు జాతులయ్యారు. 1990ల మధ్యలో మా తాతయ్య పొలంలో కొంత ముక్క అమ్మినప్పుడు, కొనేవాళ్ళ తరఫు ప్లీడరు చిన్నత్తయ్య సంతకం ఒక్కటే అడిగాడు. 2007లో మిగిలింది లేఅవుటు వేసేవాళ్ళకి అమ్మినప్పుడు ఇద్దరివీ కావాలన్నాడు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణలో పెళ్ళి తేదీ షరతు లేదు మరి. పెద్దత్తయ్య చదివి సంతకం పెట్టింది. పెట్టి నాన్నతో, "ఇన్నాళ్ళకి నేనూ ఈ ఇంటి పిల్లనేనని ప్లీడరు గారు చెప్పాల్సొచ్చిందా అన్నయ్యా" అంది. నవ్వుతూనే అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఇద్దరికీ చీరలు పెట్టి, ఆడపడుచు లాంఛనం కింద కొంత డబ్బు చేతిలో పెట్టారు. వాటా అన్న మాట ఆ రోజు ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

ఇది మా ఒక్కింటి కథే అయితే ఇక్కడ రాసే పని లేదు. కోనసీమలో స్నేహితురాళ్ళతో, బంధువులతో ఈ మాట కదిపినప్పుడల్లా ఇలాంటిదే ఇంకోటి వినిపించింది. నాకు అర్థమైనది ఇది. 1985లో, 2005లో వచ్చిన హక్కులు ఇళ్ళల్లోకి చట్టంగా రాలేదు, అమ్మకంగా వచ్చాయి. పొలం పొలంగా ఉన్నంత కాలం ఆడపిల్ల వాటా ఎవరికీ గుర్తు రాలేదు. పొలం ప్లాట్లు అయ్యే రోజున, రేపు ఎవరూ కేసు వెయ్యకుండా ఉండాలంటే కూతుళ్ళందరి సంతకాలూ ఉండాలని కొనేవాడికి గుర్తొచ్చింది. హక్కు ఉందని తెలిసిన రోజే హక్కు వదులుకున్నట్టు రాసిచ్చే రోజు కూడా అయింది. బీనా అగర్వాల్ తన 1994 నాటి పుస్తకంలో దక్షిణాసియా స్త్రీల విషయంలో చట్టంలో హక్కుకీ చేతిలో భూమికీ ఉన్న దూరం గురించి వివరంగా చర్చించారు. మన దగ్గర ఆ దూరాన్ని రియల్ ఎస్టేట్ ఒక పూటలో దాటించింది, చేతిలో భూమి పెట్టకుండానే. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నా లేకపోయినా కూతురికి హక్కు ఉంటుందని తేల్చింది. 2004 డిసెంబరు 20 లోపు జరిగిపోయిన అమ్మకాలనీ పంపకాలనీ మాత్రం చట్టం కదపదు. అప్పటికే అమలాపురం చుట్టూ ఎన్ని చేలు చేతులు మారిపోయి ఉంటాయో ఊహించుకోవలసిందే.

అసలు చేలు ఎందుకు అమ్మారు? రైతు ఆశపడ్డాడనడం తేలిక. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, లెక్కలేనన్ని కొబ్బరిచెట్లని కూల్చింది. కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా తోట చేతికి రాకపోతే ఇంట్లో పెళ్ళికీ చదువుకీ భూమే అమ్మాలి. 2002లో యానాం దగ్గర గౌతమి మీద ఎదుర్లంక వంతెన వచ్చింది. దానికి బాలయోగి పేరు పెట్టారు. రేవులో పంటు కోసం కాసుక్కూచునే రోజులు పోయి కాకినాడ దగ్గరైంది. దారి వచ్చిన చోటల్లా స్థలానికి గిరాకీ వస్తుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో పంట విరామం ప్రకటించారు. మద్దతు ధర చాలదనీ, కూలి ఖర్చు పెరిగిందనీ చెబుతూనే వాళ్ళు ఇంకో మాట కూడా అన్నారు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నారు. వరి వెయ్యలేని చేనుని అమ్ముకోవడానికి ఒప్పించనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రమైంది. దానితో మిగిలిన సందేహాలు తీరిపోయాయి.

కొన్న డబ్బు ఎక్కడిదన్నది కూడా అడగాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఏ వీధికి వెళ్ళినా గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు చూపిస్తారు. కువైట్, మస్కట్, బహ్రెయిన్ వెళ్ళింది మగవాళ్ళు మాత్రమే కాదు. ఇళ్ళల్లో వంటకీ పిల్లల్ని చూసుకోవడానికీ వెళ్ళిన ఆడవాళ్ళ సంఖ్య గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. అక్కడ ఇంకొకరి ఇల్లు తుడిచి పంపిన డబ్బుతో ఇక్కడ ఇల్లు లేచింది. కట్టించింది భర్తో తమ్ముడో. ప్లాను గీయించిందీ, వంటిల్లు ఎక్కడుండాలో చెప్పిందీ వాళ్ళే. నాకు తెలిసిన ఒకావిడ తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చేసరికి స్థలం భర్త పేరున రిజిస్టరై ఉంది. "కాగితం ఎవరి పేరునుంటేనేం అమ్మలూ, ఉండేది నేనేగా" అంది. ఆ మాట ఆమె నాకు చెప్పిందో, తనకి తాను చెప్పుకుందో.

ఇక లేఅవుటు లోపలికి వెళదాం. అమలాపురం మునిసిపాలిటీ విస్తీర్ణం ఏడు చదరపు కిలోమీటర్ల చిల్లర, 2011 జనాభా లెక్కల్లో జనం సుమారు 53 వేలు. పట్నం పెరిగిందంతా ఈదరపల్లి, భట్నవిల్లి, పేరూరు, కామనగరువు లాంటి పంచాయతీల్లోకే. అంటే పట్నం లాంటి ఇళ్ళు, పల్లె లాంటి పాలన. పంచాయతీల్లో లేఅవుట్లకి 2002లో నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం రోడ్లకి స్థలం వదలాలి, మొత్తంలో పది శాతం ఖాళీ స్థలంగా పంచాయతీకి రాసివ్వాలి. వ్యవసాయ భూమిని మార్చడానికి రుసుము కట్టాలని 2006లో చట్టం చేశారు. దాన్ని జనం 'నాలా' అంటారు. నాలా అంటే చాలామందికి మురుగుకాలువ అని కదా అర్థం. అసలు నాలా పూడ్చడానికి ముందు కాగితం మీద నాలా కట్టాలన్నమాట. 2025లో శాసనసభ ఆ చట్టాన్ని కూడా రద్దు చేసింది. నియమాలు పాటించనివాళ్ళకి అపరాధ రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు 2007 చివర, మళ్ళీ 2020లో, మళ్ళీ 2025లో వచ్చాయి. తప్పుకి ఇన్నిసార్లు క్షమాపణ దొరికితే నియమం ఎవరికి కావాలి?

చేను ప్లాట్లు చేసేవాడు ముందు చేసే పని మట్టి తోలించి మెరక చెయ్యడం. ఆ మట్టి ఎక్కడి నుంచో తవ్వాలి. పక్క చేను నుంచో, లంక నుంచో. ఒక చోటు మెరకైతే ఇంకో చోటు పల్లమౌతుంది. తర్వాత బోదె పూడ్చి దాని మీదుగా రోడ్డు వేస్తారు. అంతకుముందు ఆ బోదెలో పోయిన వాన నీళ్ళకి దారి ఉండదు. అవి పక్కనున్న పల్లానికి పోతాయి. మా ప్రాంతంలో పల్లాన ఉండేది ఎక్కువగా దళిత పేటలే. ఊరి చివర, కాలువ గట్టు కింద, ఎవరికీ అక్కర్లేని చోట వాళ్ళకి జాగా చూపించిన చరిత్ర మనది. మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న 'గుడిసెలు కాలిపోతున్నై' రాశారు, 1975లో దానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఇప్పుడు ఆ ఇళ్ళు పక్కవాళ్ళ మెరక వల్ల నానిపోతున్నాయి. మోకాటి లోతు నీళ్ళలో పొయ్యి ఎత్తుగా పెట్టుకుని వండేది ఎవరు? మంచినీళ్ళ బిందె కోసం మెరక వీధికి నడిచేది ఎవరు? మరుగుదొడ్డి మునిగిపోతే చీకటి పడేదాకా ఆగేది ఎవరు? ఇళ్ళస్థలాల వ్యాపారం చేసేవాళ్ళ లెక్కల్లో ఈ ఖర్చు ఎక్కడా రాదు. పంట పోతే భూమి ఉన్నవాడికి ప్లాట్ల డబ్బు వస్తుంది. ఊడ్పుల కూలి పోయిన ఆవిడకి ఏమీ రాదు.

ఇంకోటి కూడా పోయింది, దానికి ధర కట్టినవాళ్ళు లేరు. అది దొడ్డి. కోనసీమ ఇంటికి ముందు వాకిలి ఎంతో, వెనక దొడ్డి అంతకు రెట్టింపు. నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు, అరటి, కరివేపాకు, పశువుల పాక, నీళ్ళు కాచుకునే పొయ్యి. కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కట్టేది అక్కడే. ఆకులు అల్లేది, పీచు ఎండబెట్టేది, వడియాలు పెట్టేది అక్కడే. స్నానానికి వచ్చిన పక్కింటావిడ తన దెబ్బలు చూపించి ఏడ్చేదీ అక్కడే. దొడ్డి గురించి మురిసిపోవడానికి ఇదంతా చెప్పడం లేదు. ముట్టైన మూడు రోజులూ ఆడవాళ్ళని కూచోబెట్టింది కూడా ఆ దొడ్లోనే. కానీ అది ఆడవాళ్ళు పనిచేసుకునే చోటు, ఆ పనిలోంచి నాలుగు రూపాయలు తమ చేతికి వచ్చే చోటు. నూటయాభై గజాల ప్లాటులో ఇల్లు గోడ నుంచి గోడకి లేస్తుంది. అందులో కారుకి చోటు ఉంటుంది, చీపుళ్ళు కట్టడానికి ఉండదు.

2020 డిసెంబరు 25న రాష్ట్ర ప్రభుత్వం ముప్పై లక్షలకు పైగా ఇళ్ళ పట్టాలు స్త్రీల పేరునే ఇవ్వడం మొదలుపెట్టింది. స్త్రీల పేరున ఇంత పెద్ద ఎత్తున నేల రాయడం ఈ రాష్ట్రంలో అంతకుముందు జరగలేదు. దాని విలువ తగ్గించను. తన పేరున్న కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దేవుడి గూట్లో దాచుకున్నవాళ్ళని చూశాను. కానీ పట్నంలో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. సెంటంటే నలభై ఎనిమిది గజాల చిల్లర. ఆ స్థలాల్లో కొన్ని ఊళ్ళకి దూరంగా పల్లపు చేలల్లో దొరికాయి. వానాకాలంలో నీళ్ళు నిలిచి, హద్దురాళ్ళు మాత్రం కనపడే లేఅవుట్లు నా కళ్ళతో చూశాను. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్నంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు సెంట్లు ఇస్తామంది. సెంట్లు పెరగడం మంచిదే. కానీ ఆ సెంట్లు ఎక్కడ అన్న ప్రశ్న అలాగే ఉంది. స్త్రీకి పేరిచ్చినప్పుడు పల్లమే ఎందుకు మిగులుతోంది?

2022 మేలో జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చాలన్న ప్రతిపాదన మీద అమలాపురంలో అల్లర్లు జరిగాయి. 24వ తేదీన ఒక మంత్రి ఇంటికీ, ఒక శాసనసభ్యుడి ఇంటికీ నిప్పుపెట్టారు. ఆ పేరు నిలిచింది, ఇప్పుడు ప్రతి దస్తావేజు మీదా ఉంటోంది. ఆ పేరు వద్దన్న ఇళ్ళల్లోనూ కూతుళ్ళున్నారు. వాళ్ళకి ఆస్తిలో వాటా ఇవ్వాలని హిందూ కోడ్ బిల్లు కోసం పోరాడి, అది ముందుకు కదలకపోవడం ఒక కారణంగా 1951లో మంత్రి పదవికి రాజీనామా చేసినవాడు ఆయనే. మన హక్కు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియకుండా ఉంచడం కూడా ఆస్తిని కాపాడుకునే పద్ధతుల్లో ఒకటి. పై కులాల స్త్రీలుగా మనం దీని గురించి ఇంకా చాలా మాట్లాడుకోవాలి.

రాజ్యాంగానికి 74వ సవరణ తర్వాత 12వ షెడ్యూలులో మునిసిపాలిటీలకి అప్పగించదగ్గ పనుల్లో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. అంటే చేను మెరక చెయ్యడానికి అనుమతి ఇచ్చే తీర్మానాల మీద కూడా ఆడవాళ్ళ సంతకాలు ఉంటున్నాయి. అవీ పుట్టింటి సంతకాల లాగే చెప్పిన చోట పెట్టినవైతే మనకి ఒరిగేదేమీ లేదు. సర్పంచిగా ఉన్న స్నేహితురాళ్ళని నేను అడిగే ప్రశ్నలు మూడే. ఈ లేఅవుటులో పంచాయతీకి రాసిచ్చిన పది శాతం ఎక్కడుంది? పూడ్చిన బోదె నీళ్ళు ఎటు పోతాయి? ఈ చేను అమ్మినప్పుడు సంతకం పెట్టిన కూతుళ్ళకి ఎంత ముట్టింది? మొదటి రెండింటికీ ప్లాను తెప్పించి చూస్తే జవాబు దొరుకుతుంది. మూడోది ఏ ఆఫీసులోనూ రాసి ఉండదు. దాన్ని మన అత్తల్నీ అక్కల్నీ అడిగి మనమే రాసిపెట్టుకోవాలి.